పిట్టగోడ చివర తెలుపు గులాబీ రంగులోకి ఎందుకు తిరుగుతుంది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగారు. ఈసారి క్రిస్మస్‌కి ఇంటి పిట్టగోడ చుట్టూ, గుమ్మం మీద స్టార్‌కి, పశువుల పాకకి పిక్సెల్ లైట్లు, అంటే ఏ చోట ఏ రంగు వెలగాలో మనమే చెప్పగలిగే లైట్లు, పెట్టాలనుకుంటున్నారంట, ఆ రంగులు చెప్పే డబ్బా, అంటే కంట్రోలర్, ఏది కొనాలి, పవర్ సప్లై ఎంతది కొనాలి అని. అడిగి ఊరుకోకుండా ఇంకో మాట కూడా చెప్పారు, పోయినేడు పక్కింటివాళ్ళు పెడితే వరుస మొదట్లో తెల్లగానే ఉండి వరుస చివరికొచ్చేసరికి గులాబీ రంగయిపోయిందంట, కంట్రోలర్ చెడిపోయిందనుకుని కొత్తది తెచ్చారంట, అయినా అంతేనంట. నాకు అసలు ప్రశ్న కన్నా ఈ చివరి మాటే నచ్చింది, ఎందుకంటే ఏం కొనాలో మొత్తం అందులోనే ఉంది.

ఎల్‌ఈడీ అంటే ఏంటి, డయోడ్ అంటే ఏంటి అనే పాఠం వదిలేస్తున్నా. మనకి కావాల్సింది ఒక్కటే, ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బుల్లి ఎల్‌ఈడీలు ఉంటాయి, మూడూ సమానంగా వెలిగితే మన కంటికి తెలుపు. కానీ మూడింటికీ ఒకే వోల్టేజీ సరిపోదు. 1240ని కాంతి తరంగదైర్ఘ్యంతో, అంటే నానోమీటర్లలో ఎంతో దానితో భాగిస్తే ఒక్కో ఫోటాన్‌కి, అంటే కాంతి కణానికి, ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలో వచ్చేస్తుంది, ఎల్‌ఈడీకి కూడా దాదాపు అన్ని వోల్టులైనా కావాలి. ఎరుపు 625 అనుకుంటే దాదాపు 2, నీలం 470 అనుకుంటే 2.6. ఆచరణలో ఎరుపు ఎల్‌ఈడీ 2 వోల్టుల దగ్గర హాయిగా వెలుగుతుంది, నీలానికి 3 పైన కావాలి, ఆకుపచ్చ కూడా నీలం జాతి పదార్థంతోనే చేస్తారు కాబట్టి దానికీ 3 దరిదాపుల్లోనే. ఈ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, అది రాకముందు ఎల్‌ఈడీతో తెలుపు అనే మాటే లేదు.

ఇప్పుడు మన కృష్ణా కాల్వలు గుర్తు తెచ్చుకోండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలితే రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి ఆయకట్టుకి చేరేసరికి మట్టం పడిపోతుంది, అక్కడ పల్లం పొలానికి తూములోంచి నీళ్ళు ఎలాగోలా పారతాయి, మెరక పొలం మాత్రం ఎండుతుంది. ఎరుపు ఎల్‌ఈడీ పల్లం పొలం, నీలం, ఆకుపచ్చ మెరక పొలాలు. కాల్వలో నీటి మట్టం వోల్టేజీ. సప్లై దగ్గర 5 వోల్టులు బయల్దేరి, వైరు పొడవునా కొంచెం కొంచెం దిగుతూ, చివర 3.5 చేరిందనుకోండి, పిక్సెల్‌ని నడిపే బుల్లి చిప్పుకి కొంచెం పోతే నీలానికీ ఆకుపచ్చకీ సరిగ్గా అందదు, ఎరుపు మామూలుగా వెలుగుతుంది, తెలుపులోంచి ఆ రెండూ తగ్గితే మిగిలేది గులాబీ, ఇంకా తగ్గితే ఎరుపు. కంట్రోలర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పక్కింటివాళ్ళు మార్చాల్సింది కాల్వని, లాకు ఆపరేటర్ని కాదు.

ఈ కాల్వని ఇంకొంచెం తవ్వుదాం. పొలానికి పెట్టిన నీళ్ళు మురుగు కాల్వలోకి దిగాలి కదా, మురుగు కాల్వ పూడుకుపోతే పై నుంచి ఎంత వదిలినా పారవు. నెగెటివ్ వైరు అదే. చాలామంది పాజిటివ్ లావుది వేసి నెగెటివ్‌కి ఏదో ఒక సన్నది తగిలిస్తారు, వైరు లెక్క పోనూ రానూ రెండూ కలిపి చూడాలి. 10 మీటర్ల దూరం అంటే 20 మీటర్ల రాగి. 1 స్క్వేర్ ఎంఎం వైరు మీటరుకి సుమారు 0.018 ఓములు, అంటే మొత్తం 0.36. పిక్సెల్‌లో ఒక్కో రంగుకి 20 మిల్లీ ఆంపులు, ఫుల్ తెలుపుకి 60, పాత లెక్క ఇది, కొత్త చిప్పులు కొన్ని తక్కువ తాగుతాయి. మీటరుకి 60 చొప్పున 5 మీటర్ల స్ట్రిప్‌లో, అంటే లైట్ల పట్టీలో, 300 ఎల్‌ఈడీలు (మూడు రంగులూ ఉన్న ఒక్కో గడిని ఇక్కడ ఒక ఎల్‌ఈడీ అంటున్నా), 5 వోల్టులదైతే 18 ఆంపులు. 18ని 0.36తో గుణిస్తే 6.5 వోల్టులు. బ్యారేజీలో ఉన్నదే 5, దార్లో పోవాల్సింది 6.5! అంటే ఆ 18 ఆంపులు అసలు పారనే పారవు, అంతకన్నా చాలా తక్కువ దగ్గరే ఆగి అంతా ఎర్రగా మిగులుతుంది, పైగా ఆ సన్న వైరు వేడెక్కుతుంది.

అదే 12 వోల్టుల స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలని వరుసగా కలుపుతారు, పై మడి నుంచి కింది మడికి, అక్కణ్ణుంచి ఇంకో మడికి అవే నీళ్ళు దిగినట్టు, కాబట్టి 300 ఎల్‌ఈడీలకి 100 గుంపులు, 6 ఆంపులు చాలు. దార్లో పోయేది 2.2 వోల్టులు, చివరికి 9.8 చేరుతుంది, మూడు నీలాలకి 9.3 దాకా కావాలి, చిప్పుకి కూడా కొంచెం మిగలాలి, అంటే అంచు మీద ఉన్నట్టు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే ఒక వోల్టు కూడా పోదు. అందుకని పిట్టగోడకి 12 వోల్టులే నా ఓటు. అయితే గుండు పిక్సెల్స్, అంటే వైరుకి గుచ్చినట్టు విడివిడిగా వచ్చేవి, వాటిలో 12 వోల్టుల రకంలో చాలావరకు ఒక్కో పిక్సెల్ సొంతంగానే 12 తీసుకుంటుంది, వెలుగుకి 3 వోల్టులు పోను మిగతాదంతా రెసిస్టర్‌లో వేడిగా పోతుంది. ఎత్తు కాల్వలోంచి పల్లం పొలంలోకి నీళ్ళు దూకుతున్నట్టు, దూకిన ఎత్తంతా వృథానే. దూరం వెళ్ళాలంటే ఆ వృథా భరించాలి. పశువుల పాక, హాల్లో చెట్టు లాంటి దగ్గరి వాటికి 5 వోల్టులే పొదుపు.

చివరి ఆయకట్టుకి నీళ్ళివ్వడానికి ఇంకో దారి కూడా ఉంది, పెద్ద కాల్వ నుంచి పిల్ల కాల్వ విడిగా తవ్వి నేరుగా చివరకి కలపడం. లైట్ల వాళ్ళు పవర్ ఇంజెక్షన్ అనేది ఇదే, సప్లై నుంచి విడిగా లావు వైరు లాగి స్ట్రిప్ రెండో కొసకి, పొడవైతే మధ్యలో కూడా తగిలిస్తారు. ఒక్కో పిల్ల కాల్వకి 5 ఆంపుల ఫ్యూజు పెట్టండి, కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజులు విజయవాడ ఆటోనగర్‌లో హోల్డర్‌తో సహా దొరుకుతాయి. రెండు సప్లైలు వాడితే పాజిటివ్‌లు ఒకదానికొకటి తగలకూడదు, మట్టం కొంచెం తేడా ఉన్న రెండు చెరువులకి గండి కొట్టినట్టవుతుంది, ఎక్కువున్నదే బరువంతా మోస్తుంది. నెగెటివ్‌లు మాత్రం కలిసి తీరాలి.

ఇది రాస్తుంటే ఒకటి అనిపిస్తుంది, మన విజయవాడ, గుంటూరు కోచింగుల్లో ఇంటర్ పిల్లలు నిరోధాల నిచ్చెన (రెసిస్టర్లని మెట్లు మెట్లుగా కలిపిన సర్క్యూట్) లెక్క నిమిషంలో చేసేసి ఆప్షన్ సి అని బబుల్ దిద్దుతారు, ఈ గులాబీ తెలుపు కూడా అచ్చంగా ఆ నిచ్చెన లెక్కే, కానీ వాళ్ళ చేతికి ఒక స్ట్రిప్, ఒక మల్టీమీటర్ ఇచ్చిన మాస్టారు ఉంటే చూపించండి.

సప్లై సంగతి త్వరగా చెప్పేస్తా. వోల్టుల్ని ఆంపులతో గుణిస్తే వాట్లు, లెక్క తేలిన వాట్లకి నాలుగో వంతు కలిపి కొనండి, 72 వాట్లు తేలితే 100ది. రంధ్రాల రేకు పెట్టెలా ఉండే సప్లైలకి (ఎస్‌ఎంపీఎస్ అంటారు) కొన్నిటికి పక్కన 115, 230 అని బుల్లి స్విచ్ ఉంటుంది, మనది 230, అది 115 మీద ఉండగా ప్లగ్ పెడితే ఢామ్మంటుంది. ఎర్త్ స్క్రూ ఖాళీగా వదలొద్దు, ముట్టుకుంటే జివ్వుమనేది అందుకే. డిసెంబరు మంచుకి తడిసేచోట పెట్టకుండా సన్‌షేడ్ కింద మూత ఉన్న డబ్బాలో పెట్టండి, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్, ఉంటే ఇంకా నయం.

ఇక కంట్రోలర్. 1882 డిసెంబరులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకి 80 బల్బులు కట్టాడు, చెట్టు గుండ్రంగా తిరుగుతుంటే బల్బులు ఆరుతూ వెలుగుతూ ఉండేవి, కంట్రోలర్ అంటే అదే. ఇప్పుడు ఒక్క డేటా వైరు చాలు, కంట్రోలర్ వరసగా బిట్లు, అంటే ఒకట్లూ సున్నాలూ, పంపుతుంది, మొదటి పిక్సెల్ తన 24 బిట్లు ఉంచుకుని మిగతావి శుభ్రం చేసి ముందుకి తోస్తుంది. ఒక బిట్‌కి 1.25 మైక్రో సెకన్లు, పిక్సెల్‌కి 30. సెకనుకి 40 ఫ్రేములు కావాలంటే ఒక ఫ్రేముకి 25 మిల్లీ సెకన్లు, అంటే ఒక పోర్టుకి, కంట్రోలర్ నుంచి బయటికొచ్చే ఒక్కో డేటా వైరుకి, 800 పిక్సెల్స్ మించి కుదరవు. మామూలు ఇంటికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులో డబ్ల్యూఎల్‌ఈడీ అని ఉచితంగా దొరికే లైట్ల ప్రోగ్రాం ఎక్కిస్తే సరిపోతుంది, ఫోన్‌తోనే నడుస్తుంది, ఇన్ని మిల్లీ ఆంపులు దాటొద్దని హద్దు కూడా పెట్టొచ్చు. పాటకి తగ్గట్టు ఆడాలంటే ఎక్స్‌లైట్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని ఓపిగ్గా అల్లుకోవాలి. రిమోట్‌తో వచ్చే చవక డబ్బాలు కూడా తప్పేం కాదు, ఆడేది వాళ్ళిచ్చిన ఆటే, అంతే.

ఒక తిరకాసు ఉంది. ఈఎస్‌పీ32 డేటా 3.3 వోల్టులది, 5 వోల్టుల పిక్సెల్స్‌లో బాగా వాడే డబ్ల్యూఎస్2812బీ రకం తనకొచ్చే వోల్టేజీలో 0.7 వంతు దాటితేనే ఒకటి అని ఒప్పుకుంటుంది, అంటే 3.5. అందుకే మినుకు మినుకుమంటూ పిచ్చి రంగులొస్తాయి, మధ్యలో డేటాని 3.3 నుంచి 5 వోల్టులకి ఎత్తే 74హెచ్‌సీటీ245 లాంటి చిప్పు వేస్తే పోతుంది. తమాషా ఏంటంటే ఫుల్ తెలుపు పెట్టినప్పుడు మట్టం 4.5కి పడితే 0.7 వంతు 3.15 అవుతుంది, అప్పుడు బుద్ధిగా వెలుగుతుంది, వెలుగు తగ్గిస్తే మళ్ళీ పిచ్చి. దీనికి దిష్టి తగిలిందని స్టార్ కింద గుంటూరు మిర్చి, నిమ్మకాయ కట్టినవాళ్ళున్నారు, మొదటి పిక్సెల్ కాలిపోయినా అదే మాట. అది కాలేది ఎక్కువగా కరెంటు ఉండగా నెగెటివ్ కన్నా ముందు డేటా తగిలించినప్పుడు. నెగెటివ్ ముందు కలపండి, డేటా వైరులో 330 ఓముల రెసిస్టర్ వేయండి, మిర్చి కూరలోకి వాడుకోండి.

బ్రాడీపేట ఆయనకి నేను చెప్పేది, ఇప్పుడే కంట్రోలర్ కొనకండి. ముందు పిట్టగోడని టేపు పెట్టి కొలవండి, 12 వోల్టుల స్ట్రిప్ ఒక రోలు తెచ్చి 2.5 వైరుతో కలిపి ఫుల్ తెలుపు పెట్టి చివర మల్టీమీటర్ పెట్టండి. 10.5 కన్నా తక్కువ చూపిస్తే రెండో కొసకి ఇంకో జత వైరు లాగండి, లేదంటే వెలుగు 30 శాతానికి దించి చూడండి, ఆంపులు మూడో వంతుకి దగ్గరగా పడతాయి, రాత్రిపూట వీధిలో నడిచేవాళ్ళకి ఆ తేడా పెద్దగా తెలీదు.