పాసైనా పూర్తికాని పీజీ: క్రెడిట్ల లెక్క వెనుక కథ

"పేపర్లన్నీ పాసయ్యాను, మరి 2 క్రెడిట్లు ఎలా తగ్గాయి?" విశాఖపట్నంలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదివేవాళ్లకు ఈ ప్రశ్న ఎదురైతే అది చాలావరకు చివరి సెమిస్టర్‌లోనే. అప్పటికి దిద్దుకునే వ్యవధి ఉండదు. క్రెడిట్ అంటే చదివే గంటలను బట్టి పేపర్‌కు ఇచ్చే యూనిట్, డిగ్రీకి అవి నిర్ణీత సంఖ్యలో ఉండాలి. మార్కుల కాలం నాటి అలవాటుతో క్రెడిట్ల కాలంలో చదవడమే ఇందుకు కారణం. ఈ రెండు లెక్కలూ వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడింది. పాఠం చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు చేరిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ ఆ పద్ధతే వారసత్వంగా వచ్చింది. ఏడాది చివర పరీక్ష, పేపర్‌కు ఇన్ని మార్కులు, మొత్తం మీద ఒక క్లాసు. ఆ లెక్కలో గంటలకు చోటు లేదు. అన్ని పేపర్లూ గట్టెక్కితే చదువు అయిపోయినట్టే. మన ఇళ్లలో పెద్దలు నేటికీ చదువును అలాగే కొలుస్తారు.

క్రెడిట్ వంశం వేరు. 1905లో ఆండ్రూ కార్నెగీ అమెరికా కళాశాలల అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఆ నిధిని నడిపిన సంస్థకు ఏది కళాశాల, ఏది కాదు అని తేల్చే కొలత కావాల్సి వచ్చింది. హైస్కూల్లో ఒక సబ్జెక్టును సుమారు 120 గంటలు చదివితే ఒక యూనిట్, కళాశాలలో చేరాలంటే అలాంటివి 14 ఉండాలి అన్న నియమం అలా స్థిరపడింది. అదే ఆలోచన కళాశాలల్లో వారానికి ఇన్ని గంటలు అనే క్రెడిట్‌గా మారింది. అంటే, విద్యార్థికి ఎంత వచ్చిందో చెప్పడానికి పుట్టిన కొలత కాదిది, ఎంతసేపు చదివాడో చెప్పడానికి పుట్టింది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే నేటి నిబంధనల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

మన దేశంలో ఐఐటీలు, అమెరికా నమూనాలో వచ్చిన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు క్రెడిట్లను ముందే అలవాటు చేసుకున్నాయి. మిగతా విశ్వవిద్యాలయాలను వాటి నియంత్రణ సంస్థ యూజీసీ 2009లో సెమిస్టర్ల వైపు, ఎంపికతో కూడిన క్రెడిట్ పద్ధతి వైపు గట్టిగా నెట్టింది. 2014 చివర మార్గదర్శకాలు వచ్చాయి, 2015-16 నుంచి అమలు చేయమన్నారు. సెమిస్టర్ అంటే 15 నుంచి 18 వారాల బోధన, అంటే 90 పనిదినాలు అని అందులో నిర్వచించారు. కాగితం మీద ఇది తేలిక. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్లెన్ని కూలాయో చూసినవాళ్లకు 90 రోజులు ఎంత సులువుగా కరిగిపోతాయో తెలుసు. సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ ఆలస్యమైనా మొదటి సెమిస్టర్‌కు అదే గతి. వారాలు తగ్గినా క్రెడిట్లు తగ్గవు. ఆ భారం శనివారం క్లాసుల మీద, విద్యార్థి రాత్రుల మీద పడుతుంది.

ఇక గంటల లెక్క. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ పొడవునా సాగితే 1 క్రెడిట్, అంటే 15 గంటలు. ల్యాబ్ అయితే అదే 1 క్రెడిట్‌కు వారానికి 2 గంటలు, మొత్తం 30. 2023 ఏప్రిల్‌లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం 1 క్రెడిట్‌ను 30 గంటలు అంటుంది. ఈ రెండూ పొసగవని చాలామంది కంగారు పడతారు, అవసరం లేదు. కొత్త లెక్కలో సొంతంగా చదివే సమయమూ కలిసి ఉంటుంది. 4 క్రెడిట్ల థియరీ పేపర్‌కు క్లాసులో 60 గంటలు, ఇంట్లోనో లైబ్రరీలోనో మరో 60. 20 క్రెడిట్ల సెమిస్టర్ 600 గంటల పని, 15 వారాలకు పంచితే వారానికి 40. సాయంత్రాలు ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సిన అంకె ఇది.

గ్రేడు దగ్గర కూడా క్రెడిట్ బరువే తేడా తెస్తుంది. నాలుగు థియరీ పేపర్లు 4 క్రెడిట్ల చొప్పున, రెండు ల్యాబులు 2 చొప్పున, మొత్తం 20 అనుకుందాం. థియరీలో పదికి 9, 8, 8, 7 పాయింట్లు, రెండు ల్యాబుల్లోనూ 10 వస్తే 36+32+32+28+20+20, మొత్తం 168. దాన్ని 20తో భాగిస్తే ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ గ్రేడు సగటు, 8.4. 7 వచ్చిన పేపర్ ఫెయిలైతే ఆ 28 సున్నా అవుతుంది, కింద 20 మాత్రం అలాగే ఉంటుంది. సగటు 7.0కి పడిపోతుంది. ల్యాబులో 10 తెచ్చుకున్న ఆనందంలో 4 క్రెడిట్ల పేపర్‌ను వదిలేయడం ఎంత ఖరీదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అసలు తప్పు జరిగేది మాత్రం ఎలక్టివ్‌ల దగ్గర, అంటే విద్యార్థి ఎంచుకునే పేపర్ల దగ్గర. క్రెడిట్లు ఒకే కుండలో పడవు. తప్పనిసరి కోర్, సొంత సబ్జెక్టు ఎలక్టివ్, ఇతర శాఖ నుంచి తీసుకునే ఓపెన్ ఎలక్టివ్, ప్రాజెక్టు, దేని ఖాతా దానిదే. సొంత శాఖలో ఒక ఎలక్టివ్ అదనంగా చేసినంత మాత్రాన ఓపెన్ ఎలక్టివ్ లోటు తీరదు. మొత్తం సరిపోయినా ఖాతా ఖాళీగా ఉంటే డిగ్రీ ఆగుతుంది. పేరుకు ఎంపికే అయినా తగినంతమంది చేరకపోతే ఆ ఎలక్టివ్ నడవదు. పక్క శాఖ పాఠం, మన ల్యాబ్ ఒకే సమయానికి పడితే అదీ అందదు. అందుకే రెండో సెమిస్టర్ మొదలయ్యేలోపే రెండు ప్రత్యామ్నాయాలు అనుకుని టైమ్‌టేబుల్‌తో సరిచూసుకోవాలి. ఎంపిక పేరుతో వచ్చిన పద్ధతి ఎంపికనే ఇవ్వలేకపోవడం ఈ సంస్కరణలో పెద్ద లోపమని మా గట్టి అభిప్రాయం.

ఆ లోటును కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' కొంత తీరుస్తుంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో స్వయం వాటాను 2016 నిబంధనలు 20 శాతం వరకు అనుమతిస్తే, 2021 నిబంధనలు 40 శాతానికి పెంచాయి. ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది పరిమాణం. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సు 12 వారాలదైతే సాధారణంగా 3 క్రెడిట్లు, 8 వారాలదైతే 2. దాన్ని 4 క్రెడిట్ల పేపర్ బదులు చూపిస్తే మిగతాది లోటుగానే నిలుస్తుంది, ఆ 2 క్రెడిట్ల ప్రశ్న పుట్టే చోట్లలో ఇదొకటి. రెండోది సమయం. స్వయం పరీక్షల ఫలితాలు మన సెమిస్టర్ ఫలితాలతో కలిసి రావు. కాబట్టి మూడో సెమిస్టర్‌లోపే ముగించాలి, చేరడానికి ముందే ఆ కోర్సు ఏ పేపర్‌కు సమానమో శాఖ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. కోర్సు అయ్యాక అడిగితే ఒప్పుకోవాలన్న నియమం లేదు.

2021 జులైలో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఈ జమలన్నిటికీ పాస్‌బుక్ లాంటిది. విద్యార్థికి 12 అంకెల సంఖ్య ఇస్తారు. అందులో క్రెడిట్లు జమచేసేది సంస్థే, విద్యార్థి సొంతంగా వేసుకోలేడు. జమైన క్రెడిట్ గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతుంది. డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలి. మనవాళ్లకు ఇక్కడ వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు, ఆధార్‌లో ఒక్క అక్షరం వెనుక ఉంటే రెండు రికార్డులూ కలవవు. అడ్మిషన్ నాడే ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించుకుంటే ఆ తలనొప్పి తప్పుతుంది.

2024లో యూజీసీ పీజీకి ప్రత్యేకంగా ఇచ్చిన విధానం ఏడాదికి 40 క్రెడిట్లు అంటుంది. మూడేళ్ల డిగ్రీ తర్వాత చేరితే రెండేళ్లు, 80. మొదటి ఏడాది 40తో ఆగిపోతే పీజీ డిప్లొమా. నాలుగేళ్ల ఆనర్స్ చేసినవాళ్లకు ఏడాది పీజీ, 40 చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో ఒకే మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) విధానంలో డిగ్రీలో చేరినవాళ్లు నాలుగో ఏడాదీ చదివితే 2027లో బయటికొస్తారు. అప్పుడు ఒకే శాఖలో ఏడాది పీజీ వాళ్లు, రెండేళ్ల పీజీ వాళ్లు పక్కపక్కనే కూర్చోవాల్సి రావచ్చు. ఆనర్స్‌లో చేసిన పేపర్ పేరు మార్చుకుని పీజీలో మళ్లీ ఎదురుకాకుండా శాఖలు సిలబస్‌లు ఇప్పటినుంచే సర్దుకోవాలి.

బ్యాక్‌లాగ్ (ఫెయిలై మిగిలిన పేపర్లు) ఉన్నవాళ్లకు గడువూ ముఖ్యం. కోర్సు కాలానికి మరో రెండేళ్లు అన్నది యూజీసీ 2015లో చెప్పిన సాధారణ హద్దు, అంటే రెండేళ్ల పీజీకి నాలుగేళ్లు. ఈలోపు సిలబస్ మారితే పాత పేపర్‌కు సమానమైన కొత్త పేపర్ ఏదో తేల్చుకోవాలి, రెండింటి క్రెడిట్లు ఒకటి కాకపోవచ్చు. వర్తించేది చేరిన ఏడాది రెగ్యులేషనే (కోర్సు నిబంధనల పత్రం), సీనియర్లదీ జూనియర్లదీ కాదు. దాని ప్రతిని మొదటి వారంలోనే తీసుకుని, ఖాతాకొక నిలువు వరుస, సెమిస్టర్‌కొక అడ్డు వరుస గీసి, ప్రతి మెమో వచ్చిన రోజునే నింపుకోవాలి. మూడో సెమిస్టర్ మెమో నింపాక ఏ నిలువు వరుసలో ఖాళీ కనిపించినా నాలుగో సెమిస్టర్ రిజిస్ట్రేషన్ ముగిసేలోపు శాఖాధిపతిని కలవాలి.