పద్దెనిమిది సార్లు మొలిచిన కటకం

చిరంజీవులైన పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. కిందటి నెల నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, అంటే మసకబారిన కటకాన్ని (లెన్స్‌ను) తీసేశారు. కట్టు విప్పిన రోజు మా మనవరాలు నా కంటికేసి చాలాసేపు చూసి, "అమ్మమ్మా, మసకబారిన కటకం తీసేశారు కదా, కొత్తది దానంతటదే మొలవదా? నాకు పాలపన్ను ఊడితే మళ్ళీ వచ్చిందిగా!" అని అడిగింది. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పాను. ఇంత సూటిగా ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అప్పటికి దానికి రెండు ముక్కలు చెప్పాను. మిగతాది మీకందరికీ రాయాలనిపించింది.

మనకు మొలవదు. అందుకే డాక్టరుగారు బయట తయారుచేసిన కటకాన్ని నా కంట్లో అమర్చారు. కానీ కటకం పోతే మళ్ళీ మొలిపించుకునే జంతువు ఒకటుంది. దాని పేరు న్యూట్. సాలమాండర్ల కుటుంబంలో ఒక శాఖ. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ చుట్టరికం కప్పతో. పొలుసులుండవు, చర్మం తడిగా ఉంటుంది, గుడ్లు నీళ్ళలో పెడుతుంది. మన తెలుగు నేల మీద ఇవి లేవు. మన దేశంలో చూడాలంటే డార్జిలింగ్ కొండలకో, ఈశాన్య రాష్ట్రాలకో వెళ్ళాలి.

నేను చెప్పబోయేది జపాన్ న్యూట్ సంగతి. వీపు నలుపు, పొట్ట ఎర్రగా ఉండి దాని మీద నల్ల మచ్చలు. అక్కడి వరిమళ్ళలో, చెరువుల్లో బతుకుతుంది. జపాన్ వాళ్ళు దాన్ని ఇమోరి అంటారు, అంటే బావికి కాపలా ఉండేది. గోడ మీద తిరిగే బల్లి పేరు యామోరి, ఇంటికి కాపలా ఉండేది. ఈ రెండు పేర్లూ నాకు ఎంత నచ్చాయో!

బల్లి తోక తెగితే మళ్ళీ వస్తుందని మీకు తెలుసు. అయితే ఆ కొత్త తోక అచ్చం పాతదిలా ఉండదు. వెన్నుపూసలకు బదులు లోపల మెత్తటి మృదులాస్థి గొట్టం ఒకటే ఉంటుంది. న్యూట్ అలా సరిపెట్టుకోదు. తోక తెగితే పూసలతో సహా, కాలు తెగితే వేళ్ళతో సహా తిరిగి పెంచుకుంటుంది. సాలమాండర్లకు కాళ్ళూ తోకా మళ్ళీ వస్తాయని ఇటలీలో స్పల్లాంజాని అనే మతగురువు 1768లోనే రాశాడు. కంటి కటకం సంగతి ఇంకో నూరేళ్ళు దాటాక బయటపడింది. 1891లో కొలుచి అనే ఇటలీ శాస్త్రవేత్త, 1895లో జర్మనీలో గుస్తావ్ వోల్ఫ్ ఎవరికి వారే కనిపెట్టారు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. ఈ ఉత్తరానికి ప్రాణం ఇదే.

అద్దంలో మీ కన్ను చూసుకోండి. మధ్యలో నల్లటి చుక్క కంటిపాప. దాని చుట్టూ గోధుమరంగులోనో నల్లగానో ఉన్న వలయం ఐరిస్. దాని వెనకాల కనబడకుండా ఉండేది కటకం. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు కటకం పైచర్మం అయ్యే పొర నుంచి పుడుతుంది. ఐరిస్‌లోని రంగు కణాలు మెదడు అయ్యే పొర నుంచి వస్తాయి. రెంటి పుట్టిళ్ళూ వేరు. న్యూట్‌లోనూ అంతే. కానీ న్యూట్ కటకం తీసేస్తే కొత్తది చర్మం నుంచి రాదు, ఐరిస్ పైఅంచు నుంచి వస్తుంది! అక్కడి కణాలు తమ రంగును వదిలేసి తెల్లబడతాయి. విభజన చెంది చిన్న బుడగలా ఏర్పడతాయి. ఆ బుడగే మెల్లమెల్లగా గాజులా తేటపడి కటకమవుతుంది. కాస్త అటూ ఇటూగా నెల రోజుల పని. రంగుతో వెలుతురుకు అడ్డుగా నిలవడం ఆ కణాల ఉద్యోగం. అవే ఇప్పుడు వెలుతురును దాటనిచ్చే కటకం అయ్యాయి. మొదటిసారి పాఠ్యపుస్తకంలో ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఇంకా విచిత్రం, ఐరిస్ కింది సగంలోనూ అలాంటి రంగు కణాలే ఉన్నాయి. అవి మాత్రం ఎప్పుడూ ఆ పని చెయ్యవు.

ఇలా ఎన్నిసార్లు మొలవగలదు? న్యూట్ ముసలిదైతే ఈ శక్తి తగ్గదా? దీనికి జవాబు కావాలంటే పనిని ఏళ్ళ తరబడి నడపాలి. జపాన్‌లో గోరో ఎగుచి అదే చేశారు. న్యూట్లకు కటకం తీసి, మొలవనిచ్చి, మళ్ళీ తీసి, 16 ఏళ్ళలో అవే జంతువులకు 18 సార్లు తీశారు. చివరిసారికి ఆ న్యూట్లకు కనీసం 30 ఏళ్ళ వయసు. అమెరికాలో పనిచేసిన పనాయోటిస్ సోనిస్ అనే శాస్త్రవేత్త, మరికొందరితో కలిసి 17వ, 18వ కటకాలను పరీక్షించారు. ఎన్నడూ కటకం పోగొట్టుకోని న్యూట్ల కటకాలతో పోల్చారు. నిర్మాణంలో తేడా లేదు. కటకాన్ని తేటగా ఉంచే జన్యువులు చక్కగా పనిచేస్తున్నాయి. ఈ ఫలితం 2011లో అచ్చయింది. వయసూ, పదేపదే జరిగిన నష్టమూ ఆ కణాలను ముసలివాటిని చెయ్యలేదు.

"పాపం కదా ఆ న్యూట్లు?" అని మనవరాలు అడిగింది. పాపమే, తల్లీ. ఇలాంటి పనిలో జంతువుకు మత్తు ఇచ్చి, కంటి మీద సన్నని గాటు పెట్టి తీస్తారు. అయినా అడగవలసిన ప్రశ్నే అది. ఇది చదివినవాళ్ళు ఆ జంతువుల పట్ల కృతజ్ఞతగా ఉండాలని నేను కోరుకుంటాను.

మరి ఒక కణానికి ఏమవ్వాలో ఎవరు చెబుతారు? ఇదీ న్యూట్ గుడ్ల దగ్గరే కొంత తేలింది. జర్మనీలో హాన్స్ స్పెమాన్ తన పసిబిడ్డ వెంట్రుకను ఉచ్చులా కట్టి న్యూట్ గుడ్డును రెండు భాగాలుగా నొక్కిన ఓపికమంతుడు. ఫ్రైబుర్గ్‌లో ఆయన దగ్గర హిల్డె మాన్గోల్డ్ అనే యువతి చదువుకునేది. రెండు జాతుల న్యూట్ పిండాలు తీసుకుంది, ఒకటి పాలిపోయినట్టుండేది, ఇంకొకటి రంగుది. ఒక్కొక్కటి ఆవగింజంత. పాలిపోయిన పిండంలో ఒకానొక చోటు నుంచి చిటికెడు కణాలు తీసి రెండోదాని పొట్టవైపు అతికించింది. చాలా పిండాలు చనిపోయాయి. బతికిన కొన్నింటిలో పొట్టవైపు రెండో వెన్నూ, రెండో శరీరమూ తయారయ్యాయి! రంగు తేడా వల్ల ఏ కణం ఎవరిదో తెలిసిపోయింది. ఆ రెండో శరీరంలో ఎక్కువ భాగం ఆతిథ్యమిచ్చిన పిండం కణాలే. అంటే అతికించిన ముక్క పక్క కణాలను పిలిచి, వాటి దారి మార్చింది. ఆ వ్యాసం 1924లో వచ్చింది. అదే ఏడాది వంటింట్లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిన గాయాలతో హిల్డె చనిపోయింది. అప్పటికి 26 ఏళ్ళు నిండలేదు. 1935లో స్పెమాన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. నేను క్లాసులో ఈ ప్రయోగం చెప్పిన ప్రతిసారీ ముందు హిల్డె పేరే బోర్డు మీద రాసేదాన్ని.

మన పొరుగున జరిగిన ఒక పని కూడా చెప్పాలి. భువనేశ్వర్‌లో ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంబద మహంతి హెజ్మాది, ఆమె సహచరులు ఒక జాతి కప్ప మీద పనిచేశారు. వానలకు నేలలోంచి బయటికొచ్చే బొద్దు కప్ప అది, దక్షిణాదిలోనూ ఉంటుంది. దాని తోకకప్పలకు తోక కొంత కత్తిరించి, విటమిన్ 'ఎ' కలిపిన నీళ్ళలో ఉంచారు. తోక మొలవాల్సిన చోట కాళ్ళు మొలిచాయి! 1992లో ఇది అచ్చయితే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఆవిడ పేరున్న ఒడిస్సీ నర్తకి కూడా.

మరి న్యూట్ కాని జంతువుల కంటి సంగతి? 1973లో ఇదే ఎగుచి, ఒకాదా అనే మరో శాస్త్రవేత్త ఇద్దరూ కోడిపిండం కంట్లోని రంగు కణాలను గాజుపాత్రలో పెంచారు. కొన్నాళ్ళకు వాటి సంతతి కటకం కణాలైపోయింది. కోడి తన కంట్లో ఎన్నడూ చెయ్యని పనిని దాని కణాలు బయట చేశాయి. కాబట్టి ఆ నేర్పు మొత్తంగా పోలేదు, ఎక్కడో మూతపడి ఉంది. ఆ మూత న్యూట్ ఐరిస్ పైఅంచులో తెరుచుకుంటుంది, కింది సగంలో తెరుచుకోదు. ఎందుకో తెలుసుకునే పనిలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు.

నా ఎడమ కంటి ఆపరేషన్ వచ్చే నెల. ఈలోగా మీకొక పని. తొలకరి పడ్డాక మీ ఊరి గుంటల్లో తోకకప్పలు కనబడతాయి. పట్టుకోకండి, ఒడ్డున కూర్చుని రోజూ చూడండి. వాటికి మొదట వెనక కాళ్ళు వస్తాయా, ముందరి కాళ్ళు వస్తాయా? ఎన్నో రోజున చూశారు? తారీఖు వేసి నాకు రాయండి. అప్పటికి రెండు కళ్ళతోనూ చదువుతాను.

మీ అమ్మమ్మ