‘మొదటి పేజీ గ్యారంటీ’: ఒక కొటేషన్ వెనక ముప్పయ్యేళ్ల కథ

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్ నడిపే కర్నూలు ఆయనకైనా, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లకు ఆవకాయ, గోంగూర సీసాలు పంపే గుంటూరు ఆవిడకైనా వెబ్‌సైట్ తెరిచిన కొద్ది రోజులకే, గూగుల్ వెతుకులాటలో సైట్‌ను పైకి తెస్తామంటూ ఒక కొటేషన్ వస్తుంది. పంపే ఏజెన్సీ మారినా సరుకు మారదు. నెలకు 20 ఆర్టికల్స్, ఒక్కోటి 500 పదాలు. కీవర్డ్ డెన్సిటీ (జనం వెతికే మాట వ్యాసంలో ఎంత శాతం పడాలన్న లెక్క) 2 శాతం. మెటా ట్యాగులు (పేజీ గురించి సెర్చ్ ఇంజన్‌కు చెప్పే వరుసలు). 100 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైట్‌కు లింకులు). 50 డైరెక్టరీ సబ్మిషన్లు (సైట్ల జాబితాల్లో పేరు ఎక్కించడం). ఆరు నెలల్లో గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ.

ఇందులో పచ్చి అబద్ధం చివరి ముక్క ఒక్కటే. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసిపెట్టింది. మిగతావి చాలావరకు ఏదో ఒక కాలంలో పనిచేసినవే. ఒక్కోదానికి ఒక్కో ఏడాదిలో కాలం చెల్లింది. కొటేషన్ మాత్రం పాతది కొట్టెయ్యకుండా కొత్తది కింద చేర్చుకుంటూ వచ్చింది.

మెటా ట్యాగులది అన్నిటికన్నా పాత కథ. ఆల్టావిస్టా 1995 డిసెంబరులో వచ్చింది. ఆ తరం సెర్చ్ ఇంజన్లు పేజీ గురించి పేజీ చెప్పుకున్నదే నమ్మేవి. ‘మెటా కీవర్డ్స్’ అనే కనపడని వరుసలో యజమాని ఏ మాటలు రాస్తే ఆ మాటలకు పేజీ దొరికేది. దాంతో సంబంధం లేని మాటలు వందల కొద్దీ కుక్కడం, తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో రాయడం మామూలైపోయాయి. వెబ్ ర్యాంకింగ్‌లో మెటా కీవర్డ్స్‌ను అసలు వాడటం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బహిరంగంగానే చెప్పింది. కాబట్టి కొటేషన్‌లో ‘మెటా ట్యాగులు’ అని కనపడితే, ఏ ట్యాగులో అడగాలి. ఫలితానికి శీర్షికగా కనపడే టైటిల్‌కు ఇప్పటికీ విలువుంది. పేజీ గురించి రెండు ముక్కల్లో చెప్పే డిస్క్రిప్షన్ ర్యాంకును పెంచదు గానీ, ఫలితం కింద కనపడి నొక్కాలా వద్దా అన్నది తేలుస్తుంది. అది నచ్చకపోతే గూగుల్ పేజీలోంచి వేరే వాక్యం తీసి పెట్టుకుంటుంది. తెలుగు అక్షరాలకు వెడల్పు ఎక్కువ, టైటిల్‌ను కత్తిరించేది వెడల్పును బట్టే. ఇంగ్లీషులో సరిపోయిన 60 అక్షరాల లెక్క తెలుగులో సరిపోదు. ముఖ్యమైన మాట ముందే పడాలి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు పిల్లాడి గురించి పిల్లాణ్నే అడగం, ఊళ్లో వాకబు చేస్తాం. స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ చేసిందీ అదే. 1996లో ‘బ్యాక్‌రబ్’ పేరుతో మొదలై 1998లో గూగుల్ కంపెనీ అయిన ఆ పనికి మూలసూత్రం ఒక్కటి. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్లకు ఎంత పరపతి ఉంది? లింకు ఓటైంది. ఓటు అన్నాక కొనుగోళ్లు తప్పలేదు.

ఆర్టికల్ అనే సరుకు పుట్టింది ఇక్కడే. ఈజీన్ ఆర్టికల్స్ లాంటి సైట్లు ఎవరు ఏం రాసి పంపినా వేసుకునేవి. రాసినవాడికి దక్కేది అడుగున ఉండే చిన్న పెట్టెలో తన సైట్‌కు ఒక లింకు. చదివేవాడి కోసం కాదు, ఆ లింకు కోసమే రాత. ఒకే వ్యాసంలో మాటలకు బదులు పర్యాయపదాలు దూర్చి యాభై వ్యాసాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. దీన్నే స్పిన్నింగ్ అన్నారు. వాక్యానికి తలా తోకా ఉండేది కాదు, అయినా ర్యాంకు వచ్చేది. ఈ చాకిరీలో కొంత మన దేశానికి అవుట్‌సోర్స్ అయింది. అమెరికా క్లయింట్ల కోసం లింకులు అతికించిన అనుభవమే తర్వాత మన ఊళ్లలో ‘డిజిటల్ మార్కెటింగ్’ కోర్సుల సిలబస్‌లోకి ఎక్కింది. కొటేషన్‌లోని డైరెక్టరీ సబ్మిషన్లు ఆ సిలబస్ నుంచి వచ్చినవే. ఇక 500 పదాల లెక్క గూగుల్‌ది కాదు. ఇన్ని పదాలుండాలన్న ఇష్టం తమకేమీ లేదని అది రాతపూర్వకంగానే చెప్పింది. పదాల లెక్క రాసేవాళ్లకు కూలీ కట్టడానికి పనికొస్తుంది, అంతే.

2011 ఫిబ్రవరిలో గూగుల్ ర్యాంకులిచ్చే పద్ధతిలో ‘పాండా’ అప్‌డేట్ వచ్చింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు తారుమారయ్యాయి, పలచటి వ్యాసాల సైట్లు కుప్పకూలాయి. 2012 ఏప్రిల్‌లో ‘పెంగ్విన్’ కొన్న లింకుల మీద పడింది. మొదట్లో అలాంటి లింకులున్న సైట్‌ను కిందకు తోసేవారు. 2016 సెప్టెంబరు నుంచి ఎక్కువగా ఆ లింకులను లెక్కలోంచి తీసెయ్యడమే. ఈ తేడా కొటేషన్ తీసుకునేవాళ్లకు ముఖ్యం. డబ్బిచ్చి తెచ్చుకున్న 100 లింకుల వల్ల మామూలుగా ఏమీ జరగదు. నష్టం కనపడదు, లాభమూ కనపడదు, అందుకే ఆ వరుస ఇంకా అమ్ముడుపోతోంది. గూగుల్ మనుషుల కంట పడితే మాత్రం సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ‘మాన్యువల్ యాక్షన్’ అనే శిక్ష నోటీసు వస్తుంది. దాన్ని వదిలించుకోవడం నెలల పని.

కీవర్డ్ డెన్సిటీ ఇంగ్లీషులోనే పాతబడింది. 2013లో ‘హమ్మింగ్‌బర్డ్’ వచ్చాక గూగుల్ విడి మాటలను వదిలి ప్రశ్న మొత్తాన్ని చదవడం మొదలుపెట్టింది. 2019లో వచ్చిన ‘బర్ట్’ ‘నుంచి’, ‘కు’ లాంటి చిన్న మాటల పనిని పట్టుకుంది. అదే ఏడాది డిసెంబరులో తెలుగుతో సహా 70కి పైగా భాషలకు దాన్ని విస్తరించారు. ‘బెంగళూరు నుంచి తిరుపతికి బస్సు’కూ ‘తిరుపతి నుంచి బెంగళూరుకు బస్సు’కూ మాటలవే, ప్రయాణమే వేరు. అసలు తెలుగులో డెన్సిటీ లెక్క ఎప్పుడూ కుదిరింది కాదు. మన విభక్తులు మాటకే అతుక్కుపోతాయి. హాస్టల్, హాస్టల్లో, హాస్టలుకు, హాస్టళ్లు: లెక్కపెట్టే టూల్‌కు ఇవి నాలుగు వేరు వేరు కీవర్డులు. ఆ 2 శాతం తెచ్చుకోవడానికి ‘మారతహళ్లి పీజీ హాస్టల్’ అన్న ముక్కను విభక్తి లేకుండా వాక్యాల మధ్య దిగ్గొడతారు. చదివేవాడు రెండో పేరాలోనే వెళ్లిపోతాడు.

నిజానికి తెలుగు పేజీల చరిత్రే వేరు, ఇంగ్లీషు కన్నా బాగా వెనక నడిచింది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా 1990ల చివర తెరుచుకున్న తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు, లోపల అర్థంలేని రోమన్ గుర్తులు. గూగుల్ చదివేది లోపలిదే. అందుకే ఆ ఏళ్లలో అచ్చైన తెలుగు వ్యాసాలు సెర్చ్‌కు దాదాపు లేనట్టే. 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంట్‌తో వచ్చినా, కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఫైళ్లు విడిగా ఇన్‌స్టాల్ చేసుకోకపోతే ఒత్తులు విడిపోయేవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, ఆ తర్వాత లేఖిని లాంటి టైపింగ్ పరికరాలు వచ్చాకే సెర్చ్‌కు అందే తెలుగు పోగుపడింది. 2016లో జియోతో డేటా చవకైంది. 2018లో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగును గుర్తించింది. పేజీకి డబ్బు రావడం మొదలవగానే పలచటి వ్యాసాల వరద కూడా వచ్చింది. ఇంగ్లీషులో పాండాకు ముందున్న దశ మనకు పదేళ్లు ఆలస్యంగా వచ్చిందన్నమాట.

ఆ ఆలస్యం వల్ల, ఇంగ్లీషు టూల్ పెట్టుకుని తెలుగు సైట్ నడిపేవాళ్లకు కొన్ని తప్పులు కనపడవు. మొదటిది పేజీ చిరునామా. సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. ‘ఆవకాయ’లో ఆ, వ, క, దీర్ఘం, య కలిపి అయిదు గుర్తులు. ఒక్కోటి మూడు బైట్లు, శాతం గుర్తులతో రాస్తే తొమ్మిది అక్షరాలు. మొత్తం 45. వర్డ్‌ప్రెస్ 200 దగ్గర కత్తిరిస్తుంది, అంటే సుమారు 22 తెలుగు గుర్తులు దాటితే చిరునామా మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల తోరణమే కనిపిస్తుంది. ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలుగా చేత్తో రాసుకోవాలి. ప్రచురించాక మారిస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 అనే శాశ్వత దారిమళ్లింపు పెట్టాలి.

రెండోది స్పెల్లింగ్. బెంగళూరు అనేవాళ్లున్నారు, బెంగుళూరు అనేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషులో అధికారికంగా 2014 నవంబరు 1న పేరు మారినా, వెతికేటప్పుడు పాత ‘బ్యాంగలోర్’ కొట్టేవాళ్లకు కొదవలేదు. పైగా తెలుగు ప్రశ్నలు చాలా ఇంగ్లీషు అక్షరాల్లోనే పడతాయి. ఆవకాయను ఒక ‘ఎ’తో రాసేవాళ్లు, రెండు ‘ఎ’లతో రాసేవాళ్లు, చివర ‘వై’ పెట్టేవాళ్లు ఉంటారు. వీటన్నిటికీ వేరు వేరు పేజీలు అక్కర్లేదు. ఒకే పేజీలో శీర్షికలో ఒక రూపం, వాక్యంలో సహజంగా మరో రూపం, ఫొటో కింద ఇంగ్లీషు పేరు ఉంటే చాలు. ‘వెబ్‌సైట్’ అన్న మాట మధ్యలో పొల్లు నిలబడాలంటే కనపడని గుర్తు ఒకటి పడాలి, కొన్ని కీబోర్డులు దాన్ని వెయ్యవు. సైట్‌లోని సొంత వెతుకు పెట్టె చాలాసార్లు ఇక్కడే తడబడుతుంది.

మూడోది మెనూ, ధరల పట్టిక ఫొటోగా పెట్టడం. మెస్సుల సైట్లలో ఇది మరీ ఎక్కువ. ఫొటోలోని తెలుగును సెర్చ్ చదువుతుందని నమ్ముకోకూడదు, టైపు చేసి పెట్టాలి.

పీజీ ఆయన విషయానికొస్తే, అతనికి 20 ఆర్టికల్స్ అవసరమే లేదు. గది వెతికే కుర్రాడు చూసేది మ్యాప్. గూగుల్ 2014లో మై బిజినెస్‌గా తెచ్చి 2021 నవంబరులో బిజినెస్ ప్రొఫైల్ అని పేరు మార్చిన ఉచిత ఖాతాయే అక్కడ దిక్కు. ఎంత సరిపోలింది, ఎంత దూరం, ఎంత పేరుంది అన్న మూడే దాని కొలతలు. పేరు బోర్డు మీద ఉన్నట్టే పెట్టాలి. పేరు పక్కన ‘బెస్ట్ ఆంధ్రా ఫుడ్ పీజీ మారతహళ్లి’ అని తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. మున్నేకొళాల, కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ అని ఊరి పేరు మార్చి ఒకే పేజీని పదిసార్లు వేసే పద్ధతిని గూగుల్ ‘డోర్‌వే పేజీలు’ అంటుంది. వాటి మీద 2015 మార్చిలోనే గురిపెట్టింది.

ఈమధ్య కొటేషన్‌కు ఒక కొత్త వరుస చేరింది: ఏఐతో నెలకు 100 ఆర్టికల్స్. స్పిన్నింగే కొత్త చొక్కా తొడుక్కుంది. చదివేవాళ్లకు పనికొచ్చే పేజీలను తేల్చడానికి 2022 ఆగస్టులో గూగుల్ తెచ్చిన ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ లెక్కను 2024 మార్చిలో ప్రధాన ర్యాంకింగ్‌లో కలిపేశారు. ర్యాంకు కోసం మూకుమ్మడిగా పేజీలు తయారుచెయ్యడం, మనిషి రాసినా యంత్రం రాసినా, స్పామే అని అప్పుడే నియమం పెట్టారు. ఆ ఏడాది ఆగస్టు నుంచి మన దేశంలోనూ ఫలితాల పైన ఏఐ సారాంశాలు కనిపిస్తున్నాయి. ‘ఆవకాయ ఎలా పెట్టాలి’ అన్న వ్యాసానికి ఇక క్లిక్కులు రావడం కష్టం, జవాబు పైనే దొరుకుతుంది. పచ్చళ్లావిడకు పనికొచ్చేది అరకిలో సీసా ధర, నూనె నువ్వులదా వేరుశనగదా, ఏ పిన్‌కోడ్‌కు ఎన్ని రోజులు, సీసా పగిలితే ఏం చేస్తారు అని తేల్చి చెప్పే పేజీ. ఆ సంగతులు ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు.

కొటేషన్‌కు సంతకం పెట్టే ముందు పావుగంటలో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. సెర్చ్ కన్సోల్ ఉచితం, 16 నెలల లెక్క చూపిస్తుంది. పెర్ఫార్మెన్స్ నివేదికలో సగటు స్థానం 8కీ 20కీ మధ్య ఉండి ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనపడిన సార్లు) ఎక్కువున్న ప్రశ్నలు తీస్తే, కొత్త వ్యాసం రాయాలో పాతదాన్నే దిద్దాలో తెలిసిపోతుంది. చాలాసార్లు దిద్దడమే. పేజీలో పెద్ద ఫొటో 2.5 సెకన్లలోపు తెరుచుకోవాలి. ఫోన్‌తో తీసిన అయిదు ఎంబీల ఫొటోను అలాగే ఎక్కిస్తే అది జరగదు. పేజీల నివేదికలో ‘క్రాల్ చేశాం, ఇండెక్స్ చెయ్యలేదు’ (చూశాం గానీ సెర్చ్ జాబితాలో చేర్చలేదు) అన్న వరుస పెరుగుతుంటే, సరుకు పలచగా ఉందని తరచూ అర్థం. ఒక్క పేజీ కూడా ఇండెక్స్ కాకపోతే వర్డ్‌ప్రెస్ సెట్టింగుల్లో రీడింగ్ తెరిచి అడుగున చూడాలి. సైట్ కట్టే రోజుల్లో సెర్చ్ ఇంజన్లను రావద్దనే గడిలో టిక్కు పెట్టి, తర్వాత తియ్యడం మరిచిపోతారు. ఆరు నెలలు డబ్బిచ్చి రాయించిన 120 ఆర్టికల్స్ అయినా ఆ ఒక్క టిక్కు వెనకే ఉండిపోతాయి.