మిజోరం పెరట్లో మునిగిపోయిన చిట్టీ

మన ఊళ్లలో కాలేజీ ఫీజుకో పెళ్లి ఖర్చుకో అని రెండు మేకపిల్లల్ని పెంచుకుంటారు చూడండి, మిజోరంలో ఆ అవసరానికి పందిని పెంచుకుంటారు. కొండవాలు మీద ఇల్లు, వెనకాల చెక్కలతో కట్టిన చిన్న దొడ్డి, పొయ్యి మీద పెద్ద గిన్నెలో చేమాకు, తవుడు, మిగిలిన కూడు అన్నీ కలిపి ఉడుకుతుంటాయి, అదే దాని మేత. చేతిలో నిలవని డబ్బుని రోజూ కొంచెం కొంచెంగా దాని ఒంట్లో వేస్తారు, అచ్చం చిట్టీ కట్టినట్టే. ఆ చిట్టీ ఎత్తుకునే నెల డిసెంబర్, ఎందుకంటే వాక్‌సా, అదే పందిమాంసం, లేకుండా అక్కడ క్రిస్మస్ విందు జరగదు.

2021 మార్చిలో బంగ్లాదేశ్ బోర్డర్ దగ్గర లుంగ్‌సెన్ అనే ఊళ్లో పందులు వరసగా చచ్చిపోవడం మొదలైంది. అది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. మన దేశంలో మొదటిసారి 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడింది. మనుషులకి రాదు, కానీ పందికి వస్తే బతకడం చాలా అరుదు. 2011 లెక్కల్లో 11 లక్షల జనాభా కూడా లేని మిజోరంలో 2021 ఒక్క ఏడాదే 33 వేలకు పైగా పందులు పోయాయి, నష్టం 60 కోట్లు దాటింది.

అసలు చిక్కు ఇక్కడుంది. పొద్దున్నే పంది మేత ముట్టలేదు, ఒళ్లు కాలిపోతోంది, చెవులు ఎర్రగా కందిపోయాయి. డాక్టర్‌కి చెప్పాలా, ఈరోజే కోతకి అమ్మేయాలా? గవర్నమెంట్ చంపించిన పందికే పరిహారం, జబ్బుతో చచ్చినదానికి రాదు, వచ్చేది కూడా ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో పిల్లల ఫీజు కట్టాలి, కాబట్టి అమ్మేస్తాడు, ఆ స్థితిలో ఎవరైనా అదే చేస్తారు, అతన్ని తప్పుపట్టలేం. కానీ వైరస్ ఆ మాంసంలోనే ఊరు దాటుతుంది, ఫ్రీజర్లో పెట్టినా నెలల తరబడి చావదు, హోటల్లో మిగిలిన ముక్కలు సరిగ్గా ఉడకకుండా ఇంకొకరి కుడితిలో పడితే అక్కడ మళ్లీ మొదలు. అందుకే పరిహారం వెంటనే చేతికందడం నా దృష్టిలో సాయం మాత్రమే కాదు, రోగాన్ని ఆపే పని కూడా.

పక్కింటి పంది ఆరోగ్యంగా ఉన్నా వదలరు, జబ్బు తేలిన చోటు నుంచి కిలోమీటర్ లోపల అన్నిటినీ చంపాల్సిందే. వియత్నాం 2023లో టీకాలు మార్కెట్లోకి వదిలింది గానీ మన రైతు చేతిలో ఇప్పటికీ ఉన్నది శుభ్రత, బాగా మరిగించిన మేత, అంతే.

మళ్లీ మొదలుపెట్టడం కూడా అంత తేలిక కాదు. ఆడపంది ఈనడానికి 114 రోజులు, పిల్లలు అమ్మకానికి ఎదగాలంటే ఇంకో ఎనిమిది పది నెలలు. దొడ్డి కడిగి, మందు కొట్టి, వారాలపాటు ఖాళీగా ఉంచి ముందు ఒకటి రెండు పిల్లల్ని వేసి చూడాలి, అవి నిలబడితేనే మిగతావి. అప్పటిదాకా ఆ ఇంట్లో చిట్టీ ఆగిపోయినట్టే, పాత అప్పు తీరకముందే ఆ రెండు పిల్లల కోసం కొత్త అప్పు వెతుక్కోవాలి.