గ్రిడ్ కంపాస్ నుంచి నా టెస్టింగ్ ల్యాప్‌టాప్ దాకా: అపోహలు - వాస్తవాలు

సబ్‌స్టేషన్లలో ప్రొటెక్షన్ రిలేలు, అంటే లైనులో లోపం వస్తే కరెంటు కట్ చేయించే పరికరాలు, టెస్ట్ చేయడం నా పని. దెబ్బలకు తట్టుకునేలా చేసిన నా రగ్డ్ ల్యాప్‌టాప్ బయటికి తీయగానే "ఇంత లావుగా ఉందేంటి, పాతకాలందా?" అని అడుగుతారు. తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: తొలి ల్యాప్‌టాప్‌లు పనికిరాని బొమ్మలు.

వాస్తవం: 1978లో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్ తయారుచేసిన నోట్‌టేకర్ అనే కంప్యూటర్ నమూనా బరువు 22 కిలోలు. దాదాపు బియ్యం బస్తా అంత. అది అమ్మకానికే రాలేదు. కానీ 1982 నాటి గ్రిడ్ కంపాస్ అనే ల్యాప్‌టాప్ సంగతి వేరు. తెరను కీబోర్డు మీదికి మడిచే రూపాన్ని బిల్ మాగ్రిడ్జ్ దానికే డిజైన్ చేశారు. మెగ్నీషియం బాడీ. హార్డ్ డిస్క్ బదులు 340 కిలోబైట్ల బబుల్ మెమరీ. లోపల తిరిగే డిస్కే లేదు కాబట్టి కుదుపులకు తట్టుకునేది. ధర 8,150 డాలర్లు. నాసా దాన్ని స్పేస్ షటిల్‌లోకి తీసుకెళ్లింది. భారరహిత స్థితిలో వేడి గాలి పైకి లేవదు కాబట్టి దానికి ఫ్యాన్ కూడా అమర్చింది.

నా ల్యాప్‌టాప్‌కూ మెగ్నీషియం బాడీయే, ఇందులోనూ తిరిగే డిస్క్ లేదు. ఆ పోలిక తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయితే మొదటి కంపాస్‌కు బ్యాటరీ లేదు, ప్లగ్ పెడితేనే పని. సబ్‌స్టేషన్ యార్డులో నాకది కుదరదు.

అపోహ: టెస్టింగ్ కంప్యూటర్‌కు మహా స్పీడు కావాలి.

వాస్తవం: రిలేకి కరెంటు పంపి, ట్రిప్ టైమ్‌ను, అంటే రిలే స్పందించడానికి పట్టే సమయాన్ని, మిల్లీసెకన్లలో కొలిచేది టెస్ట్ కిట్. ల్యాప్‌టాప్ కిట్‌ను నడిపి, సెట్టింగ్స్ చదివి, రిపోర్టు తీస్తుంది. మధ్యాహ్నం ఎండలో తెర కనబడటం నాకు అంతకన్నా ముఖ్యం.

అపోహ: సీరియల్ పోర్ట్‌కు కాలం చెల్లింది.

వాస్తవం: పాత న్యూమరికల్ (డిజిటల్) రిలేల ముందువైపు ఇప్పటికీ తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టే ఉంటుంది. ఒకసారి రెండు గంటలకు ఎల్‌సీ (లైను ఆపి పనిచేసుకునే అనుమతి) తీసుకుని, మామూలు ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కన్వర్టర్ తగిలించి కూర్చున్నాను. కన్వర్టర్‌కు కంప్యూటర్ ఇచ్చిన పోర్ట్ నంబరు కామ్ 11. రిలే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే కామ్ 4 దాకానే ఉంది. డివైస్ మేనేజర్‌లో నంబరు మార్చి, మళ్లీ స్టార్ట్ చేసి, రిలే పలికేసరికి నలభై నిమిషాలు పోయాయి. అవతల లైను ఎప్పుడిస్తారని ఫోన్లు. ఆ టెన్షన్ పడ్డాక పోర్ట్ లేని ల్యాప్‌టాప్‌తో సైట్‌కు వెళ్లలేదు.

అపోహ: మిలిటరీ స్టాండర్డ్ అని రాసి ఉంటే ఎలా పడినా పగలదు.

వాస్తవం: ఆ స్టాండర్డ్, మిల్-ఎస్‌టీడీ-810, పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులోని డ్రాప్ టెస్టులో 122 సెంటీమీటర్ల నుంచి 26 సార్లు, ప్రతి ముఖం, అంచు, మూల కిందికి వచ్చేలా వదులుతారు. ఆ 26నూ ఐదు పీసుల దాకా పంచుకోవచ్చు. అంటే ఒక్క పీసే అన్నీ తట్టుకుందని అర్థం కాదు. పైగా సాధారణంగా పడేసేది ప్లైవుడ్ మీద. మా యార్డులో కింద ఉండేది కంకర. తెరిచి ఉన్న తెర మీద ఒక్క రాయి మొన తగిలితే చాలు. అందుకే ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు వెళ్లేటప్పుడు మూత వేసి, స్ట్రాప్ భుజానికి తగిలించుకునే నడుస్తాను.