వీధిలైటు పోల్ మీద మీటర్ డబ్బా: అపోహలు - వాస్తవాలు

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త వేసినారు. అమెరికాలో ఒక ఊర్లో కరెంట్ కంపెనీ తన మీటరింగ్ సామాన్లు మున్సిపాలిటీ వీధిలైట్ల మీదే ఉంచుకోడానికి కౌన్సిల్ ఒప్పుకునిందంట. ఇంక చూడండి, రేడియేషన్ అని ఒకరు, నిఘా అని ఒకరు, బిల్లు డబలైపోతాది అని ఇంకొకరు, రేపు మన తిరుపతి బైరాగిపట్టెడలో కూడా పెడతారు చూస్తా ఉండండి అని ఇంకో పెద్దాయన. నేను స్మార్ట్ మీటర్ల కమ్యూనికేషన్ పనిలో ఉండాను కాబట్టి ఫోన్లు నాకే వచ్చినాయి, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తా ఉండా.

అపోహ: పోల్ మీద డబ్బానే మీటరు, వీధి కరెంటంతా దాంట్లోంచే పోతాది.

కాదు. మీటరు మీ ఇంటి గోడకే ఉంటాది. పోల్ మీది డబ్బా చుట్టుపక్కల మీటర్ల రీడింగులు పోగేసి ఆఫీసు సర్వరుకి పంపే మిషన్, మేము డీసీయూ అంటాం. అన్ని చోట్లా ఇది ఉండదు కూడా. కొన్ని మీటర్లలో సిమ్ ఉంటాది, అవి నేరుగా సర్వరుతోనే మాట్లాడతాయి. ఆర్ఎఫ్ మెష్ అనే రేడియో పద్ధతిలో మాత్రం మీ మీటరు పక్కింటి మీటరుకి, అది ఆ పక్కింటికి అట్లా రీడింగు అందిస్తా పోయి చివరికి ఈ డబ్బాకి చేరుస్తాయి. సిగ్నల్‌కి గోడలు, రేకుల షెడ్లు అడ్డం రాకూడదు కాబట్టి డబ్బా ఎత్తులో ఉండాల, అందుకే పోల్.

అపోహ: వీధిలైటు పోల్ అయితే సప్లై రెడీగా ఉంటాది, తగిలిస్తే సరిపోతాది.

కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లోళ్ళు కూడా ఇదే అనుకుంటారు. మన వీధుల్లో ఎల్టీ లైన్, అంటే ఇళ్ళకి కరెంటిచ్చే లైను, తలెత్తి చూడండి, మూడు ఫేజులు, ఒక న్యూట్రల్, వాటితో పాటు చాలా చోట్ల ఇంకో వైరు ఉంటాది, అది వీధిలైట్లది. ఆ వైరుకి సప్లై వచ్చేది సాయంత్రం, పోయేది తెల్లారి, ఎందుకంటే వీధిలైట్లని ఆన్ ఆఫ్ చేసే సీసీఎంఎస్ బాక్సులో టైమరు అట్లా పెట్టి ఉంటారు. డబ్బాని ఆ వైరుకి కలిపినామంటే రాత్రంతా బ్రహ్మాండంగా పని చేస్తాది, తెల్లారి ఆరుకి లైటుతో పాటే అదీ నిద్రపోతాది, ఆఫీసులో కూర్చున్నోళ్ళు పగలంతా నెట్‌వర్క్ పోయింది నెట్‌వర్క్ పోయింది అని తలకాయ తింటారు. కాబట్టి మామూలు ఫేజ్ నించే తీయాల, దానికి లైన్‌మ్యాన్‌తో ఎల్సీ (లైన్ క్లియర్ అనే అనుమతి) తీసుకోవాల, సప్లై ఆపి పని చేయాల. రోడ్డు మధ్య డివైడర్లో నిలబెట్టిన ఇనప పోళ్ళకైతే చాలా వాటికి లోపల పోయేది ఆ లైటు కేబుల్ ఒక్కటే, ఆడ ఇరవై నాలుగ్గంటల సప్లై కావాలంటే వేరే కేబుల్ లాగాల్సిందే.

అమెరికాలో ఈ తలనొప్పి తక్కువ. ఆడ చాలా వీధిలైట్లకి నెత్తి మీద ఫొటోసెల్ అని గుండ్రంగా ఒక ముక్క ఉంటాది, సాకెట్లో పెట్టి తిప్పితే బిగుసుకుంటాది. ఆ సాకెట్ దాకా పగలూ రాత్రీ సప్లై ఉంటాది, పగలు ఆరేది లైటు ఒక్కటే. ఇప్పుడు ఏడు పిన్నుల సాకెట్లు కూడా వచ్చినాయి, లైట్ల కంట్రోలర్లు దాంట్లోనే కూర్చుంటాయి. కంపెనీలకి వీధిలైట్ల మీద అంత మోజు ఎందుకంటే ఇదీ ఒక కారణం, ఎత్తు, కరెంటు రెండూ ఒకే చోట దొరుకుతాయి.

అపోహ: లైటు మున్సిపాలిటీది, కాబట్టి పోల్ కూడా మున్సిపాలిటీదే.

అసలు కథంతా ఈడే ఉండాది, మన గ్రూపులో మాత్రం ఒక్కరూ దీని గురించి అడగలా. మన దగ్గర సందుల్లో కనిపించే సిమెంట్ పోళ్ళు డిస్కంవి, అంటే మనకి కరెంటిచ్చే కంపెనీవి, ఎల్టీ లైన్‌కి మామూలుగా ఎనిమిది మీటర్లవి వేస్తారు. దాని మీద లైటు, క్లాంపు కార్పొరేషన్ వాళ్ళవి. అంటే డిస్కం తన డబ్బా తన పోల్ మీద తనే పెట్టుకుంటే ఎవర్నీ అడిగే పని లేదు. అమెరికాలో చాలా ఊర్లలో వీధిలైటు పోల్‌తో సహా సిటీదే, కరెంటు కంపెనీ వేరే, అందుకే కౌన్సిల్ దాకా పోయి లైసెన్సు తీసుకోవాల. అది అమ్మకం కాదు, లీజూ కాదు, పలానా పోళ్ళ మీద పలానా సామాను ఇన్నేళ్ళు ఉంచుకోవచ్చు అని అనుమతి, అంతే. గడువు అయిపోతే మళ్ళీ కౌన్సిల్ ముందుకే.

ఆ కాగితంలో చూడాల్సినవి వేరే. డబ్బా తాగే కరెంటు ఎవరి లెక్కలో పడతాది? ఒక్కో డబ్బా వాడేది కొన్ని వాట్లే, కానీ అది ఆగకుండా నడుస్తా ఉంటాది, పైగా అక్కడ చాలా వీధిలైట్లకి మీటరే ఉండదు, లైటు ఎన్ని వాట్లో, ఏడాదికి ఎన్ని గంటలు వెలుగుతాదో చూసి లెక్క కట్టేస్తారు. లారీ గుద్ది పోల్ పడితే డబ్బా ఎవరు తీయాల? సిటీ పోళ్ళు మార్చేటప్పుడు కంపెనీ ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాల, ఆ ఖర్చు ఎవరిది? డబ్బా ఊడి ఎవరి నెత్తినైనా పడితే ఇన్సూరెన్స్ ఎవరిది? అద్దె సంగతి వీటి తర్వాతే. మన దేశంలో టెలికాం వాళ్ళు 5జీ చిన్న సెల్లులు (చిన్న యాంటెన్నా డబ్బాలు) పోళ్ళ లాంటి వీధి సామాగ్రి మీద పెట్టుకుంటే ఏడాదికి టౌన్లలో 300 రూపాయలు, పల్లెల్లో 150 అని 2022 లో కేంద్రం రేటు పెట్టింది. అది టెలికాం లైసెన్సు ఉన్నోళ్ళ కోసం పెట్టిన రేటు, మీటర్ డబ్బాలకి కాదు.

నా ఉద్దేశం అడిగితే, అమెరికా వాళ్ళది కాగితాల గోల అనిపించినా అదే నయం. మన పోళ్ళ మీద కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ ఫైబరు చుట్టలు, గంగజాతరకి కట్టి జాతరైనా విప్పని సీరియల్ లైట్లు, ఏది ఎవరిదో పైకి ఎక్కినోడికి కూడా తెలీదు. కొర్లగుంటలో ఒక పోల్ మీద ఏ వైరుకీ కలపని ఖాళీ డబ్బా ఒకటి చూసినా, పైన పేరు లేదు, నంబరు లేదు, ఎవర్నడిగినా మాది కాదనే చెప్పినారు.

అపోహ: రేడియేషన్‌తో పిల్లలకి ప్రమాదం.

ఆర్ఎఫ్ మీటర్లు మన దేశంలో వాడేది లైసెన్సు అక్కర్లేని 865 నించి 868 మెగాహెర్ట్జ్ బ్యాండు, ట్రాన్స్‌మిటర్ పవర్ ఒక వాటు మించకూడదు. అది కూడా డేటా పంపే క్షణాల్లోనే, అంత ఎత్తులో. చెవికి ఆనించుకునే ఫోను దీనికంటే దగ్గరగా ఉండాది గదా.

అపోహ: దాంట్లో కెమెరా ఉంటాది.

మీటర్ డబ్బాలో ఉండదు. దాంట్లో పోయేది యూనిట్లు, వోల్టేజి, మీటరు మూత తెరిచినారా లాంటి సమాచారం, అదీ ఎన్‌క్రిప్ట్ చేసి. అయినా ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. శాన్ డియాగోలో కరెంటు ఆదా, ట్రాఫిక్ లెక్కలు అని చెప్పి కెమెరాలున్న స్మార్ట్ వీధిలైట్లు వేలల్లో పెట్టినారు, తర్వాత పోలీసులు ఆ వీడియోలు వాడుతున్నారని బయటపడి పెద్ద గొడవై, 2020 సెప్టెంబరులో మేయరే వాటిని ఆపించినాడు. కాబట్టి ఒప్పందంలో ఏ సామాను పెడతారో పేరు పెట్టి రాయాల, రేపు దాంట్లో ఇంకోటి దూర్చాలంటే మళ్ళీ అనుమతి కావాల అని ఉండాల.

అపోహ: డబ్బా వస్తే బిల్లు పెరుగుతాది, లోడు ఎక్కువని ఫైన్ వేస్తారు.

డబ్బా యూనిట్లు కొలవదు, కాబట్టి పెంచలేదు. లోడు సంగతి మాత్రం తెలుసుకోండి, 2023 లో సవరించిన కరెంటు వినియోగదారుల హక్కుల రూల్స్ ప్రకారం స్మార్ట్ మీటరు పెట్టకముందు కాలానికి ఆ మీటరు చూపించిన డిమాండ్ (గరిష్ఠంగా వాడిన లోడు) పట్టుకుని ఫైన్ వేయకూడదు, మంజూరైన లోడు పెంచాలన్నా ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటి ఉండాల. రీడింగ్ మీద అనుమానం ఉంటే కంప్లైంట్ ఇవ్వండి, 2024 సవరణ ప్రకారం అయిదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాల.

అపోహ: డబ్బా పీకేస్తే ఆఫీసుకి రీడింగు పోదు, బిల్లు రాదు.

ఇది అడిగింది మా బావమరిదే. రీడింగు మీటరు లోపలే సేవ్ అయి ఉంటాది, నెల పైబడిన లెక్క దాంట్లో ఉంటాది, లింకు వచ్చినప్పుడు అంతా సర్వరుకి పోతాది, రాకపోతే మనిషే మీటరు దగ్గరికొచ్చి తీసుకుంటాడు. డబ్బా పీకినోడి మీద కేసు మాత్రం అదనం.