ఎక్కాలు వస్తే గుణకారం వచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ప్రాథమిక పాఠశాలలో లెక్కలు చెప్పే ఎవరినైనా అడగండి, పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే: "టీచర్, మావాడికి ఎన్నో ఎక్కం దాకా వచ్చు?" గుణకారం ఎలా చేస్తున్నాడని అడిగేవాళ్ళు అరుదు. రెండూ ఒకటే అనుకుంటారు మరి. ఎక్కువగా దీని గురించే రాస్తాను. నాలుగు, ఐదు తరగతుల్లో పిల్లలు లెక్కలంటే భయపడటం మొదలయ్యేది ఇక్కడే. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎక్కాలు గడగడా అప్పజెబితే గుణకారం వచ్చేసినట్టే.

ఒక ఏడాది మా బడిలో ఐదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. పదహారో ఎక్కం కూడా ఎక్కడా ఆగకుండా చెప్పేది. వాళ్ళ నాన్నకి అదో గర్వం. "ఒక్కసారి అడిగి చూడండి టీచర్" అన్నారు. నేను ఎక్కం అడగలేదు, ఏడెనిమిదులు ఎంతమ్మా అన్నాను. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావట్లేదు. 'సెవెన్ వన్ జా సెవెన్' దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుగా వస్తోంది. చివరికి యాభై ఆరు అంది, కరెక్టే. అప్పుడు ఇంకోటి అడిగాను: ఒక్కో బస్తాలో 25 కిలోల బియ్యం ఉంటే 12 బస్తాల్లో ఎన్ని కిలోలు? నా మొహంలోకి చూసి, "ప్లస్సా, ఇంటూనా టీచర్?" అంది.

ఆ ప్రశ్న వినని లెక్కల టీచర్ ఉండరు. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. ఆమెకి ఎవరూ గుణకారం నేర్పలేదు, పాట నేర్పారు. జనగణమన మధ్యలోంచి ఒక లైను అందుకోమంటే మనమైనా మొదటికి వెళ్ళి పాడుకుంటూ రావాల్సిందే కదా!

దీని నష్టం మూడో తరగతిలో కనపడదు. భాగహారం వచ్చాక బయటపడుతుంది. 448ని 7తో భాగించాలంటే 44లో ఏడులు ఎన్ని అని సగంలోంచి అడగాలి. పిల్లవాడు ప్రతి అంకెకీ ఎక్కం మొదటి నుంచి చదువుకుంటాడు, ఈలోగా తీసివేతలో ఎక్కడున్నాడో మరిచిపోతాడు. పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ (ASER) సర్వేలో భాగహారం కింద అడిగేది కూడా మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించే లెక్కే. 2024లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో అది చేయగలిగినవాళ్ళు మూడో వంతు కూడా లేరు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. నా తరగతిలో నాకు రోజూ కనపడే కారణం మాత్రం ఇదే.

మరి ఏం చేయాలి? ముందు భయం తగ్గించే ఒక లెక్క చూడండి. ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం 100 గుణకారాలు. 3 × 8, 8 × 3 ఒకటేనని పిల్లలకి గింజలు వరసల్లో పేర్చి, పలకని అడ్డంగా తిప్పి చూపిస్తే 55 మిగులుతాయి. 1, 2, 5, 10 ఎక్కాలు దాదాపు అందరికీ వచ్చేస్తాయి. అవి తీసేస్తే 21. నాలుగో ఎక్కమంటే రెండోదానికి రెట్టింపు, తొమ్మిదంటే పదిరెట్లలోంచి ఒకసారి తీసేయడం (9 × 7 అంటే 70లోంచి 7 పోతే 63). ఇవి పట్టుబడితే మిగిలేవి పదే పది. అందులో పిల్లల్ని నిజంగా ఏడిపించేవి 6 × 7, 6 × 8, 7 × 8 లాంటి మూడు నాలుగు.

వాటికీ దారి ఉంది. ఏడెనిమిదులు గుర్తు రాకపోతే ఐదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే 56. నాలుగైదు వారాలు ఇలా విడగొట్టుకుని చేశాక పిల్లలకి 56 దానంతటదే గుర్తుండిపోతుంది. మరిచిపోయినా మళ్ళీ కట్టుకోగలరు. బట్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకి మరిచిపోతే ఇంకేమీ మిగలదు. పరీక్ష హాల్లో పెన్ను కొరుకుతూ కూర్చోవడమే.

రెండంకెల గుణకారంలో ఇది ఇంకా బాగా కనపడుతుంది. 23 × 14 ఇస్తే 92 రాసి, దాని కింద 23 రాసి, కలిపి 115 అని చూపిస్తారు. రెండో వరసలో ఒకట్ల కింద ఇంటూ గుర్తు పెట్టడం మరిచిపోయాడని మనం ఎర్ర పెన్నుతో దిద్దుతాం. అసలు ఆ గుర్తు ఎందుకో వాడికి తెలిస్తే కదా! అక్కడ గుణిస్తున్నది 1తో కాదు, 10తో. అందుకని నేను ముందు నాలుగు గళ్ళ పెట్టె గీయిస్తాను. పైన 20, 3. పక్కన 10, 4. గళ్ళలో 200, 30, 80, 12. మొత్తం 322. ఆ పెట్టె గీసిన పిల్లలు 115 రాయరు, ఒక గడిలోనే 200 కనపడుతోంది కాబట్టి. కొన్నాళ్ళకి పెట్టె వదిలేసి మామూలు పద్ధతిలోకి వచ్చేస్తారు. తొందరేం లేదు.

ఎక్కాలు చదివించడం మానేయమని నేనట్లేదు. "రెండొకట్ల రెండు, రెండ్రెళ్ళు నాలుగు" అని పొద్దున్నే తరగతంతా కలిసి చదివితే నాకూ ఇష్టమే. కాకపోతే ఎక్కడో మధ్యలో ఆపి, "ఎట్లా వచ్చింది?" అని అడగాలి.

అపోహ: ఈ విడగొట్టుడు, పెట్టెలు అన్నీ ఎవరో విదేశాల నుంచి తెచ్చిన పద్ధతులు. మన పెద్దలు ఇలా చేయలేదు.

ఇది విన్నప్పుడు కాస్త చిరాకేస్తుంది. భాస్కరాచార్యుడు 1150లో తన లెక్కల పుస్తకం లీలావతిలో గుణకారానికి ఇచ్చిన ఉదాహరణ 135 × 12. దాన్ని ఆయన ఒక్క పద్ధతిలో వదల్లేదు. 12ని 8, 4గా విడగొట్టి చేయొచ్చు. 3తో, మళ్ళీ 4తో గుణించొచ్చు. పది, రెండు అని స్థానాలుగా విడదీయొచ్చు. 20తో గుణించి 8 రెట్లు తీసేయొచ్చు. అంతా అందులోనే ఉంది.

అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు, సంతకెళ్ళినా చాలు. మా ఊరి సంతలో కూరగాయలు అమ్మే తాతగారికి పదో ఎక్కం పైన ఏదీ రాదు. కిలో 18 చొప్పున హోటల్‌వాళ్ళు 35 కిలోల వంకాయలు తీసుకుంటే ఆయన లెక్క ఇది: "ముప్పై ఐదు ఇరవైలు ఏడొందలు, అందులో డెబ్బై తీసెయ్, ఆరొందల ముప్పై." ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోగా అయిపోయింది. ఇదే పని పిల్లవాడు నోట్‌బుక్‌లో చేస్తే మాత్రం స్టెప్స్ తప్పని కొట్టేసే ట్యూషన్లు ఉన్నాయి.

ఇక మిగతావి.

నవోదయ పరీక్షకి 20 ఎక్కాల దాకా బట్టీ తప్పనిసరి అంటారు. అక్కడ అంకగణితం 20 ప్రశ్నలకి 30 నిమిషాలు. 17 × 6ని 60, 42గా విడగొట్టి 102 చెప్పడానికి రెండు క్షణాలు చాలు. పదిలోపు గట్టిగా వస్తే పైవన్నీ కట్టుకోవచ్చు. 12, 15, 25 ఎక్కాలు వస్తే లాభమే, రాకపోతే ప్రపంచం మునిగిపోదు.

వేళ్ళు లెక్కపెడితే మొద్దని అనుకోవద్దు. వేళ్ళ మీద ఐదైదుగా ఎగబాకే పిల్ల గుణకారం చేస్తున్నట్టే. ఒక్కొక్కటిగా 35 దాకా లెక్కపెడుతుంటేనే పట్టించుకోవాలి.

స్పీడు గురించి. స్టాప్‌వాచ్ పెట్టి ఎక్కాలు అడిగితే పిల్లలు చురుగ్గా అవుతారని కొందరి నమ్మకం. ఒకమ్మ రాత్రి పది దాటాక ఫోన్ చేశారు. పాప ఎక్కాల పుస్తకం చూస్తేనే ఏడుస్తోందట, తనకే చెప్పడం రావట్లేదేమోనని ఆవిడా ఏడుస్తున్నారు. వాట్సాప్‌లో ఎవరో 'మూడు నిమిషాల్లో 50 లెక్కలు' అని పంపితే రోజూ అది చేయిస్తున్నారు. ఆ టైమర్ తీసేయమ్మా, రోజుకి రెండే లెక్కలు అడుగు, ఎలా చేశావో చెప్పమను అన్నాను. టెన్షన్‌లో వచ్చిన ఎక్కమే మరిచిపోతారు, రానిది ఎలా వస్తుంది?

వేదగణితం కోర్సుల ఫీజుల గురించి అడుగుతారు. 97 × 96ని వాళ్ళు చిటికెలో 9312 అని చూపిస్తారు. రెండూ వందకి దగ్గర్లో ఉన్నాయి కాబట్టి ఆ చిట్కా అంత సులువుగా పనిచేసింది. 67 × 43 ఇవ్వండి, సంబరం తగ్గుతుంది. సరదాకి నేర్పించండి, తప్పులేదు. ముందు ఇందాక చివరికి మిగిలాయన్న ఆ పది గుణకారాలు వచ్చాయో లేదో చూసుకోండి.

చివరిది, పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టేస్తే చాలన్నది. దశాంశాలు మొదలయ్యాక 2.5 × 10కి 2.50 అని రాసేది ఈ సూత్రం నేర్చుకున్న పిల్లలే. అంకెలు ఒక స్థానం ఎడమకి జరుగుతాయి, ఖాళీ అయిన చోట సున్నా వస్తుంది అని మూడో తరగతిలోనే స్థానాల పట్టికలో జరిపి చూపిస్తే సరిపోతుంది. హైస్కూల్ మాస్టార్లు కూడా మమ్మల్ని కాస్త తక్కువ తిట్టుకుంటారు.